సికిల్ సెల్ పిల్లల తల్లుల గ్రూపులో ఉండాలా, బయటికి వచ్చెయ్యాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాయగడ. మా బాబుకి తొమ్మిదేళ్లు, సికిల్ సెల్ జబ్బు, రిపోర్టులో ఎస్ఎస్ అని ఉంది. విశాఖలో చూపిస్తున్నాం, హైడ్రాక్సీయూరియా వాడుతున్నాం. ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా ఉన్నాను. మొన్న ఒకావిడ ‘అది క్యాన్సర్ మందు, మా పాపకి మాన్పించేశాం, ఐరన్ టానిక్, బీట్‌రూట్ రసం ఇస్తున్నాం’ అని పెట్టింది. టెన్షన్ వచ్చి నాలుగు రోజులుగా మందు వెయ్యలేదు. మావారేమో ఆ గ్రూపులోంచి వచ్చెయ్ అంటున్నారు. మాకు మూడేళ్ల పాప కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మందు సంగతి. ఇవాళే మీ డాక్టరుకి ఫోన్ చేసి నాలుగు రోజులు ఆపామని చెప్పండి, తిడతారని దాచకండి. ఆయన సరేనంటే రోజూ వేసే డోసే మళ్లీ మొదలుపెట్టండి, మానేసిన రోజులవి కలిపి మాత్రం వెయ్యొద్దు.

ఆవిడ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, ఈ మందు కొన్ని రక్త క్యాన్సర్లకి కూడా వాడతాం. కానీ మీ బాబు ఒంట్లో అది చేసే పని వేరు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి ఉండే హిమోగ్లోబిన్‌ని మళ్లీ ఎక్కువగా తయారయ్యేలా చేస్తుంది, దానివల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగిపోవడం తగ్గి నొప్పులూ, రక్తం ఎక్కించాల్సిన అవసరమూ తగ్గుతాయి. గుణం కనపడడానికి నెలలు పడుతుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయే అవకాశం ఉంది కాబట్టే మీ డాక్టరు మాటిమాటికీ సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించమంటారు, అది తప్పించకండి. ఐరన్ టానిక్ మటుకు వద్దు. ఈ జబ్బులో రక్తం తగ్గేది కణాలు త్వరగా చితికిపోవడం వల్ల, చాలామంది పిల్లల్లో ఐరన్ లోపం ఉండదు, పైగా రక్తం ఎక్కించుకునే పిల్లల్లో అది ఒంట్లో పేరుకుపోతుంది. పరీక్షలో లోపం తేలితేనే ఇస్తాం. బీట్‌రూట్ కూరలో తినండి, మందుకి బదులు మాత్రం కాదు.

ఇక గ్రూపు. వచ్చెయ్యమని నేను చెప్పను.

నేను బరంపురంలో పనిచేసే రోజుల్లో గుణుపురం వైపు నుంచి ఒకామె తెల్లవారుజామున మూడేళ్ల పిల్లని ఎత్తుకొచ్చింది, ‘డాక్టరమ్మా, బల్ల పెరిగింది, రాత్రి రెండు వేళ్లు, ఇప్పుడు నాలుగు’ అంది. బల్ల అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం. నిజమే, రక్తమంతా ప్లీహంలోకి పోయి పిల్ల పాలిపోయింది, వెంటనే ఎక్కించగలిగాం కాబట్టి బతికింది. నీకెవరు నేర్పారమ్మా అని అడిగితే ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపించింది. మరో ఊరి తల్లి, పక్కటెముక కింద చెయ్యి ఎలా పెట్టాలో, వేళ్లతో ఎలా కొలవాలో తాపీగా తెలుగులో చెబుతోంది. ఈమె చదివింది ఒడియా మీడియంలో, తెలుగు చదవడం రాదు, అందుకని అన్నీ వాయిస్ మెసేజ్‌లే. మేం ఓపీలో ఐదు నిమిషాల్లో చెప్పి, తలూపారు కదా అని పంపించేసిన విషయం అది.

ఇంకోటి కూడా తల్లుల దగ్గరే విన్నాను. ఈ పిల్లలకి మూత్రం ఎక్కువగా వస్తుంది, పెద్దయ్యాక కూడా పక్క తడుపుతారు, అది కిడ్నీ మీద జబ్బు ప్రభావం. బళ్లో మాటిమాటికీ బయటికి పంపరని పిల్లాడు నీళ్లు తాగడమే మానేస్తాడు, నీళ్లు తగ్గితే నొప్పులొస్తాయి. ఒకామె డాక్టరు చేత టీచరుకి ఉత్తరం రాయించుకుని ఆ సంగతి గ్రూపులో చెప్పింది, తర్వాత మరో ఇద్దరు అదే ఉత్తరం రాసిమ్మని వచ్చారు. మీరూ రాయించుకోండి.

బాధ, అనుభవం, ఏ రైలుకి పోతే ఓపీ దొరుకుతుంది, సర్టిఫికెట్‌కి ఎక్కడ దరఖాస్తు పెట్టాలి (వికలాంగుల హక్కుల చట్టం 2016లో ఈ జబ్బు కూడా ఉంది), ఇవన్నీ గ్రూపులో అడగండి. మందు మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం మాత్రం అక్కడ వద్దు. మరో పిల్లాడి డోసు వాడి బరువుని బట్టీ, వాడి రక్తపరీక్షని బట్టీ ఉంటుంది. ‘పూర్తిగా నయం చేస్తాం’ అని పొడి అమ్మేవాళ్లు చేరితే అడ్మిన్‌కి చెప్పి తీయించండి.

గ్రూపులో అడిగి జవాబు కోసం చూస్తూ కూర్చోకూడనివి కొన్ని ఉన్నాయి. జ్వరం 101 దాటితే, ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే, ఉన్నట్టుండి పాలిపోతే, మాట తడబడితే, ఒక చెయ్యో కాలో పడిపోతే, అర్ధరాత్రయినా దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లిపోవాలి. మగపిల్లల్లో అంగం నొప్పితో గట్టిపడి రెండు గంటలైనా తగ్గకపోతే అదీ అత్యవసరమే. ఇది గ్రూపులో ఎవరూ సిగ్గుతో అడగరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. బాబుకి కూడా చెప్పి ఉంచండి, లేకపోతే దాస్తాడు.

ఎవరి బిడ్డో పోయాడన్న వార్త చదివిన రాత్రి మీకు నిద్ర పట్టదు. రాత్రిపూట గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకోండి, అందులో మనసుకి దగ్గరైన ఒక్క తల్లి నంబరు విడిగా ఉంచుకోండి, ఆవిడతో మాట్లాడుకోండి.

పాపకి పరీక్ష చేయించారా? బాబుకి ఎస్ఎస్, అంటే సికిల్ జన్యువులు రెండు వచ్చాయంటే, మామూలుగా మీ ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉన్నట్టే. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, జబ్బు లేకుండా జన్యువు మాత్రమే వచ్చే అవకాశం సగం. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్షలు చేస్తున్నారు, మీ ఆశా కార్యకర్తని అడగండి. రిపోర్టు వచ్చాక దాని ఫోటో పేరుతో సహా గ్రూపులో పెట్టకండమ్మా, రేపు ఆడపిల్ల సంబంధాలప్పుడు అది ఎవరి ఫోన్లో ఉంటుందో తెలీదు. మీ డాక్టరుకి చూపించండి, అర్థం కాకపోతే నాకు మళ్లీ రాయండి.