నేరాల చదువు ఆడపిల్లకెందుకని భయపడుతున్నారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ సెకండియర్. డిగ్రీలో క్రిమినాలజీ, సోషియాలజీ కలిపి చదువుతానంటోంది. బ్రిటన్‌లో ఆ కోర్సు ఉందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఆడపిల్లకు నేరాలు, జైళ్ల గొడవ ఎందుకని మా టెన్షన్. ఫోరెన్సిక్ సైన్స్ అయితే ఉద్యోగం ఖాయం కదా? ఏది మేలు?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగారు. పైకి ‘ఏ కోర్సు మేలు’ అంటారు. లోపలి భయం వేరు. పిల్ల దొంగలు, హంతకుల మధ్య తిరగాలేమో, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలి అని. గట్టిగా అంటున్నందుకు ఏమీ అనుకోకండి. అబ్బాయి అడిగి ఉంటే ‘జైళ్ల గొడవ’ అనేవారా? నేరం ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలని ఈ వయసులో ఒక పిల్ల అడుగుతోందంటే సంతోషించండి.

స్టువర్టుపురం పేరు మీరు వినే ఉంటారు. 1871 నాటి నేర తెగల చట్టం కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. ఎరుకలవాళ్లను ఆ ముద్రతోనే అక్కడి సెటిల్‌మెంట్‌లో ఉంచారు. 1952లో చట్టం పోయింది, ఊరి మీద ముద్ర మాత్రం చాలాకాలం పోలేదు. ఆ ముద్ర ఎవరు, ఎందుకు వేశారని అడగడం నేర్పేది సోషియాలజీ. అది లేకుండా క్రిమినాలజీ చదివితే సెక్షన్లు, నేరాల రకాలు తప్ప ఏమీ మిగలదు. రెండూ కలిపి చదవాలన్న మీ అమ్మాయి ఆలోచన సరైనదే.

ఇక ఫోరెన్సిక్. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలని 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతోంది. దాన్ని చూపించి సీట్లు నింపుకునే కాలేజీలంటే నాకు అనుమానమే. ప్రభుత్వ ల్యాబుల్లో పోస్టులు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విభాగాలవారీగా ఉంటాయి, పైగా తక్కువ. అయినా మీ అమ్మాయిది సీఈసీ. బీఎస్సీ ఫోరెన్సిక్‌కు సాధారణంగా ఇంటర్‌లో సైన్స్ అడుగుతారు. ఆ మాట ఇక వదిలేయండి.

బ్రిటన్‌కూ తొందరపడకండి. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ పోలీసు కానిస్టేబుల్ కాలేరు, శాశ్వత నివాస హక్కు కావాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఈ మాట చెప్పారా? ఇల్లు తాకట్టు పెట్టి మొదటి డిగ్రీకే అక్కడికి పంపడం నాకు నచ్చదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సోషియాలజీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, కేంద్రీయ వర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీలో వచ్చే మార్కులతో సీటిస్తారు. లేదంటే దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో సోషియాలజీతో బీఏ చేసి, పీజీకి ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లోనో మద్రాసు యూనివర్సిటీలోనో క్రిమినాలజీ వైపు వెళ్లవచ్చు. సివిల్స్ రాయాలనుకున్నా సోషియాలజీ ఆప్షనల్‌గా ఉంది, క్రిమినాలజీ లేదు.

జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, నిజమే. కానీ ఈ చదువుకు చోటు లేదనుకోకండి. బాల నేరస్థుల కేసులు వినే జువెనైల్ జస్టిస్ బోర్డు సభ్యుల అర్హతల్లో 2015 చట్టం సోషియాలజీ డిగ్రీని పేరుపెట్టి చెప్పింది. మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా శిక్షే పడని విచారణ ఖైదీలు. వాళ్ల కుటుంబాలతో, లాయర్లతో మాట్లాడే మనుషులు కావాలి. ఆ పనిలో ఆడపిల్లలు ఇప్పటికే చాలామంది ఉన్నారు, ధైర్యంగా ఉన్నారు.

ముందు సీయూఈటీకి దరఖాస్తు పెట్టించండి. ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చుని, ఈ ఆసక్తి ఎలా కలిగిందో ఆమెనే అడగండి.