ఎండాకాలంలో ఏరు అడుగంటితే చేపలు తేలిగ్గా దొరుకుతాయా?

మీరు అడిగింది ఇది: వానలు సరిగ్గా పడక మంజీరా ఏరు అక్కడక్కడా మడుగులుగా మిగిలింది, చేపలన్నీ వాటిల్లోనే చేరి ఉంటాయి కదా, హైదరాబాద్ నుంచి ఆదివారం వెళ్ళి గాలం వేస్తే బాగా పడతాయా, అసలు ఇలాంటి ఏడాది చేపల గతేంటి అని. నేనుండేది లింగంపల్లిలో. అమ్మమ్మ వాళ్ళ ఊరు మెదక్ వైపు, మంజీరా ఒడ్డునే. చిన్నప్పటి నుంచి మా మామ వెంట ఆ ఏట్లో గాలం వేస్తున్నాను. 2015-16 కరువులో అదే ఏరు ఎండిపోతుంటే దగ్గరుండి చూశాను. ఆ ఏడాది మన సిటీకి కూడా సింగూరు, మంజీరా జలాశయాల నీళ్ళు ఆగిపోయాయి, గండిపేట, హిమాయత్‌సాగర్ అడుగంటాయి, కృష్ణా గోదావరి నీళ్ళతోనే నెట్టుకొచ్చాం.

మడుగులో వల వేస్తే దొరుకుతాయి, బోలెడు దొరుకుతాయి. గాలానికి మాత్రం మీరు అనుకున్నంతగా పడవు. కారణం ఆకలి లేకపోవడం కాదు, ఊపిరాడకపోవడం.

నీళ్ళు వేడెక్కిన కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పైగా మైళ్ళ పొడవు ఏట్లో తిరిగిన చేపలన్నీ ఒక్క మడుగులో ఇరుక్కుంటాయి, సంక్రాంతి రైల్లో జనరల్ పెట్టె లాగా. ఇంకోటి, నిలిచిన నీళ్ళలో ఆకుపచ్చ నాచు పెరుగుతుంది. పగలు ఎండలో అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే పీల్చుకుంటుంది. అందుకే మడుగులో చేపకు అన్నిటికంటే గడ్డు సమయం తెల్లవారుజాము.

నమ్మకపోతే ఏప్రిల్ చివర్లో చీకటితోనే ఒక మడుగు దగ్గరికి వెళ్ళి కూర్చోండి. నీళ్ళ మీద చిన్న చిన్న సుళ్ళు కనిపిస్తాయి. కాస్త వెలుతురు వచ్చాక చూస్తే అవన్నీ నోళ్ళు. రవ్వ, బొచ్చె చేపలు పైకి తేలి, నోరు గుండ్రంగా తెరిచి పైపొర నీళ్ళు పీలుస్తుంటాయి. మొప్పల మూతలు గబగబా కొట్టుకుంటుంటాయి. మనిషి అలికిడైనా లోపలికి వెళ్ళవు, వెళ్ళే ఓపిక ఉండదు. ఎండ బాగా ఎక్కాక ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. కొత్తవాళ్ళు ఆ నోళ్ళు చూసి చేప మేతకు వచ్చిందనుకుని ఆత్రంగా ఎర వేస్తారు. ఎర ముక్కు ముందు పడినా ముట్టదు.

గాలం వేసేవాళ్ళకు తెలిసిన ఉపాయాలు లేకపోలేదు. నీళ్ళు తేటగా ఉంటే సన్న తీగ వాడాలి, చెట్టు నీడ పడే లోతు వైపు వేయాలి, ఎర్రలు, అంటే వానపాములు, చిన్నవి కట్టాలి, పొద్దెక్కాక గానీ సాయంత్రం గానీ కూర్చోవాలి. ఇలా చేస్తే కొన్ని పడతాయి. కానీ మే నెలలో నేను మడుగుల్లో గాలం వేయడం పూర్తిగా మానేశాను. పట్టి వదిలేస్తే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. ఆ వేడి నీళ్ళలో గాలంతో పెనుగులాడిన చేప అప్పటికి ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది, తర్వాత చనిపోయే అవకాశం చాలా ఎక్కువ.

అన్ని చేపలకూ ఒకే కష్టం ఉండదు. కొర్రమట్ట, మార్పు, ఇంగిలికం లాంటి చేపలు బయటి గాలి పీల్చగలవు. మన రాష్ట్ర చేప కొర్రమట్ట అయితే నీళ్ళు పోయినా బురదలో దూరి బతుకుతుంది. మా మామ ఎండిన మడుగులో నడుస్తూ బురద మీద అరచేతి వెడల్పు తడి మచ్చ, దాని మధ్యలో వేలు పట్టే బొక్క చూసి ఆగేవాడు. రెండు చేతులూ పక్కల నుంచి మెల్లగా దించి, జిగురు జిగురుగా ఉన్న మట్టతో సహా బురద ముద్దను ఎత్తేవాడు. తల కిందే పట్టుకోవాలి, లేదంటే జారిపోతుంది. పైపెంకు గట్టిపడి నెర్రెలు విచ్చినా లోపల తడి ఉన్నంత కాలం అది ప్రాణంతోనే ఉంటుంది. వాలుగ, జెల్ల, పరకలు, రవ్వ, బొచ్చెలకు ఈ సౌకర్యం లేదు. మడుగు పోతే అవి పోయినట్టే.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. రవ్వ, బొచ్చె నిలిచిన నీళ్ళలో గుడ్డు పెట్టవు. తొలకరి తర్వాత కొత్త నీరు పారాలి, ఆ పారకానికి ఎదురెక్కి ఒడ్డు మునిగిన చోట గుడ్డు పెడతాయి. చెరువుల్లో పెంచేవాళ్ళకు ఇది పెద్ద చిక్కుగా ఉండేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌదురి పీయూష గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి ఈ చేపల చేత గుడ్డు పెట్టించాకే దానికి దారి దొరికింది. అందుకే ఇప్పటికీ జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతారు. ఏట్లో మాత్రం వానే ఆ పని చేయాలి. ఎండాకాలం మడుగులో ప్రాణాలు నిలుపుకున్న చేపలే వానాకాలం తల్లులు. కిలో బరువున్న ఆడ రవ్వలో రెండు లక్షలకు పైగా గుడ్లుంటాయి.

ఇప్పుడు మన మృగశిర కార్తె సంగతి చూడండి. జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ రోజు చేప తినాలని రాంనగర్, ముషీరాబాద్ మార్కెట్లలో కాలు పెట్టే సందుండదు. నేనూ తింటాను, మా ఇంట్లో ఆ రోజు చేప వండకుండా ఉండరు. కానీ సరిగ్గా అప్పుడే ఏట్లో నీళ్ళు అన్నిటికంటే తక్కువ, చేప కడుపు నిండా గుడ్లు. గిరాకీ, అడుగంటిన మడుగు, కడుపుతో ఉన్న చేప మూడూ ఒకేసారి ఎదురవుతాయి. అందుకని మృగశిరకు నేను చెరువుల్లో పెంచిన రవ్వ, బొచ్చెలే కొంటాను. ఏటి వాలుగ అని ఎవరైనా ఎంత ఊరించినా తీసుకోను.

2016 సెప్టెంబర్‌లో భారీ వానలకు సింగూరు నిండి గేట్లు ఎత్తారు. మంజీరా ఒడ్డులొరిసి పారింది. ఊళ్ళో పండగే. ఏరు ఒక్క వానాకాలంలో తిరిగొచ్చింది, చేప అలా రాలేదు. 2016-17 నుంచి ప్రభుత్వం చేప పిల్లలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చెరువుల్లో, ప్రాజెక్టుల్లో రవ్వ, బొచ్చె బాగానే కనిపిస్తున్నాయి. వాలుగ పిల్లల్ని, పరకల్ని తెచ్చి ఏట్లో ఎవరు వదులుతారు? మా ఊరి రేవులో పెద్ద వాలుగ పడటం మళ్ళీ చూడటానికి ఏళ్ళు పట్టింది.

తప్పంతా ఎండదే అనను. మడుగుల్లో నీళ్ళు నిలిపేది ఇసుక. పైన ఏరు ఎండినా ఇసుక అడుగున ఊట ఉంటుంది, అదే మడుగులోకి దిగుతుంది. ఇసుక తవ్వేసిన చోట నెల ముందే నేల కనిపిస్తుంది. ఇక మిగిలిన మడుగుకు మోటార్లు పెడతారు. చేతికొచ్చే పంట కళ్ళ ముందు మాడిపోతుంటే రైతును ఆపమని అడిగే నోరు నాకు లేదు. అయితే మా ఊళ్ళో చేపలు పట్టే ముదిరాజ్ సంఘం పెద్దలు, రైతులు కూర్చుని ఒక లోతు మడుగును ముట్టకుండా వదిలేయాలని మాట అనుకున్నారు. ఆ మాట నిలబడిన ఏళ్ళలో వానాకాలం చేప పిల్ల కనిపించింది. కరెంటు తీగలు వేసి, విషపు మందు కలిపి పట్టేవాళ్ళ మీద మాత్రం నాకు ఏ జాలీ లేదు. మడుగులో పిల్లతో సహా ఏదీ మిగలదు. మందు పెట్టడం, పేలుడు పదార్థాలు వాడటం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం.

మీరు వెళ్తానంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. సింగూరు నుంచి సంగారెడ్డి దగ్గరి మంజీరా బ్యారేజీ దాకా 1978 నుంచి అభయారణ్యం, అక్కడ చేపలు పట్టకూడదు. ఆ నీళ్ళలో మొసళ్ళున్నాయి. నీళ్ళు తగ్గితే అవీ మిగిలిన మడుగులకే చేరతాయి. అక్కడే కాదు, ఆ చుట్టుపక్కల ఎక్కడైనా మోకాలి లోతుకు కూడా దిగకండి.

మూసీ సంగతి వేరు. సిటీ దాటాక అందులో ఎండాకాలమూ నీళ్ళుంటాయి, అవి మనం వదిలిన మురుగు నీళ్ళు. కలిసే వాన నీరు లేక కరువులో ఇంకా చిక్కబడతాయి. అక్కడ పట్టిన చేప తినకండి.

తొలి వాన పడగానే పరుగెత్తకండి కూడా. మొదటి నీరు ఒడ్డున పేరుకున్న చెత్తను, మురుగును మోసుకొస్తుంది, ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోతుంది. హైదరాబాద్ చెరువుల్లో చేపలు తెల్లగా తేలినట్టు పేపర్లో వచ్చేది చాలాసార్లు అలాంటి వాన తర్వాతే. ఆ తర్వాత చేప ఎదురెక్కుతుంది. అప్పుడు మత్తడి దగ్గర బుట్టలు పెట్టి పట్టడం చాలా తేలిక, కానీ అవన్నీ గుడ్డు పెట్టబోయే చేపలు.

ఈ లోపు చెయ్యి ఊరుకోకపోతే నీళ్ళున్న ఏదైనా చెరువుకు వెళ్ళండి, ముందు అక్కడి మత్స్య సొసైటీ వాళ్ళని అడిగి. జిలేబీ చేపలు, అంటే తిలాపియా, ఎక్కడ చూసినా కుప్పలుగా పెరిగి మిగతా వాటి మేత తినేస్తున్నాయి, వాటిని ఎన్ని పట్టినా నష్టం లేదు. చిన్న గాలం, ఎర్ర ముక్క, బెండు కింద మూరెడు తీగ చాలు. ఏటికి సెప్టెంబర్ దాటాక, నీళ్ళు తేరుకున్నాక వెళ్ళండి. మెదక్ దగ్గరి ఏడుపాయల దిగువన అప్పుడు జెల్లలు బాగా పడతాయి.