మీ ప్రశ్న – మా జవాబు: పాత వెల్ల గోడకి కొత్త పెయింటు

ప్రశ్న: బరంపురంలో మాది తాతల నాటి ఇల్లు, ఏళ్ల తరబడి సున్నమే వేసుకున్నాం. రెండేళ్ల కిందట ప్రైమర్ అనే అడుగు పూత కొట్టించి పైన ఎమల్షన్ పెయింటు వేయిస్తే ఇప్పుడు కింద మూడడుగుల దాకా పెచ్చులు లేచిపోతున్నాయి, తెల్లటి పొడి కూడా తేలుతోంది. ఠాకురాణి యాత్రకి చుట్టాలు దిగుతారు, ఈసారి ఇంకా ఖరీదైన పెయింటు వేయించమంటారా?

జవాబు: వద్దమ్మా, డబ్బా కొనకుండా ఆగండి. ముందు ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి వేలితో రుద్దండి, వేలికి సున్నం అంటుకుందంటే పెయింటు గట్టిగానే పట్టుకుంది గానీ అది పట్టుకున్నది పాత వెల్లని, ఆ వెల్ల గోడని వదిలేసింది. మా ఇంట్లోనూ ఇదే కథ, పెయింటర్ చీపురుతో పైపైన దులిపి ప్రైమర్ కొట్టేస్తుంటే నేను పక్కనే కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నా, ఏడాది తిరక్కుండా వంటింటి గోడ అప్పడంలా లేచింది.

రెండోది ఆ తెల్ల పొడి, అది ఉప్పు. నేలలోంచి చెమ్మ గోడలోకి ఎక్కి, ఆరిపోతూ ఉప్పుని బయట వదిలేస్తుంది. అరచేయంత ప్లాస్టిక్ కవర్ ముక్క గోడకి పెట్టి నాలుగు పక్కలా టేపు వేసి ఒక రోజు వదిలేయండి, లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోందన్నమాట. బయట గోడకి ఆనించి మట్టి గానీ పూల కుండీలు గానీ ఉన్నాయా, బాత్రూం పైపు కారుతోందా చూసుకోండి, ఆ చెమ్మ ఆగకుండా ఎన్నిసార్లు పెయింటు వేసినా దండగే. ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులపాలి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

నన్నడిగితే ఆ కింద మూడడుగులు మళ్లీ సున్నమే వేసుకోండి, సున్నం గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది, ఎమల్షన్ మూసేస్తుంది. పెయింటర్ నవ్వుతాడు, నవ్వనివ్వండి. పైభాగం మాత్రం వెల్ల మొత్తం రేకుతో గీకించి, కాస్త తడిపి సిమెంట్ పుట్టీ, అది ఆరాక ఎమరీ పేపర్, ఆ తర్వాత ప్రైమర్, పైన రెండు కోట్లు, కోటుకి కోటుకి నాలుగు నుంచి ఆరు గంటలు గ్యాప్. ఎక్కడైనా కొత్త ప్లాస్టరింగ్ చేయిస్తే అక్కడ 28 రోజులు ఆగాలి.

ప్రశ్న: ఇచ్ఛాపురంలో ఉంటాం, కిటికీ గ్రిల్స్‌కి ఏటా తుప్పే. దసరా ముందు వేయించాలనుకుంటున్నాం.

జవాబు: సముద్రపు గాలండీ, ఉప్పు అంటుకునే ఉంటుంది. మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాక తుప్పు రుద్ది, అదే రోజు రెడ్ ఆక్సైడ్ కొట్టేయండి, రేపు చూద్దాం అంటే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మాత్రమే, దాని మీద ఎనామిల్ పెయింటు రెండు కోట్లు పడాల్సిందే. పాత ఎనామిల్‌ని పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దండి, పిల్లల్ని పక్కకి పంపండి. ఆ పొడిలో సీసం ఉండొచ్చు, అది విషం. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న రూల్ 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు, అంతకు ముందువాటిలో ఎంత ఉందో చూస్తే తెలీదు.

దసరా అంటే మాత్రం నాకు భయం. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే మన తీరం మీద పడ్డాయి. బయటి గోడల పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకోండి.

ప్రశ్న: రాయగడ నుంచి. 10 బై 12 గదికి పెయింటు ఎంత కొనాలి?

జవాబు: ఎత్తు పదడుగులనుకుంటే నాలుగు గోడలు 440 చదరపు అడుగులు, తలుపు కిటికీలు పోను 380 దాకా. లీటరుకి ఒక కోటు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే రెండు కోట్లకి ఆరు లీటర్ల పైమాటే. షాపువాడు పది లీటర్లు అంటగడతాడు, లెక్క చెప్పి అడగండి. డబ్బా మూత మీదున్న షేడ్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత మేకు కొట్టిన చోట ప్యాచ్ వేయాలంటే అదే దిక్కు.