ఎన్‌ఎస్‌లుకప్‌కు దొరికే పేరు పింగ్‌కు ఎందుకు దొరకదు?

మీ ల్యాబ్‌లోని డెబియన్ (లినక్స్) మెషీన్లలో 'లైబ్రరీ.లోకల్' అని అడిగితే ఎన్‌ఎస్‌లుకప్ సరైన అడ్రస్ ఇస్తోంది, పింగ్, ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం ఆ పేరే తెలియదంటున్నాయి, అదీ కొన్ని మెషీన్లలోనే అని రాశారు. హన్మకొండలో మా కాలేజీ ల్యాబ్‌లోనూ అచ్చం ఇట్లాగే అయింది. పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తూ కూర్చోకండి, పాపం దాని తప్పేమీ లేదు.

ఎన్‌ఎస్‌లుకప్, డిగ్ నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతాయి. పింగ్ లాంటివి అట్లా పోవు. పేరు కోసం ఎవరిని ముందు అడగాలో వాటికి /ఈటీసీలోని ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్ ఫైల్ చెబుతుంది. అందుకే పరీక్షించేటప్పుడు 'గెటెంట్ హోస్ట్స్' కమాండ్ వాడండి. అది కూడా ఆ ఫైల్ చెప్పిన దారిలోనే వెళ్తుంది.

ఆ ఫైల్‌లో హోస్ట్స్ లైన్ చూడండి. డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ అయితే చాలావరకు ఇట్లా ఉంటుంది: ఫైల్స్, ఎండీఎన్‌ఎస్4_మినిమల్, [నాట్‌ఫౌండ్=రిటర్న్], చివర డీఎన్‌ఎస్. ఎండీఎన్‌ఎస్ (మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్) అంటే సర్వర్ లేకుండా నెట్‌వర్క్‌లోని మెషీన్లనే నేరుగా అడిగి .లోకల్ పేర్లు వెతికే పద్ధతి. చిక్కంతా ఆ బ్రాకెట్‌లోనే, 'దొరకలేదు అంటే అక్కడే ఆగిపో' అని దాని అర్థం. కాజీపేట స్టేషన్ బయట దారి అడిగితే మొదటి దుకాణాయన 'అసలు అట్లాంటి ఇల్లే లేదు' అన్నాడని పక్కాయన్ను అడగకుండా వెనక్కి తిరిగినట్టు. అదే మొదటి దుకాణం మూసి ఉంటే పక్కాయన్ను అడుగుతాం కదా, పింగ్ పనిచేస్తున్న మీ మెషీన్లలో జరిగేది అది. అక్కడ ఎండీఎన్‌ఎస్ పని చూసుకునే అవాహీ సర్వీస్ నడవడం లేదేమో చూడండి. అది లేకపోతే 'దొరకలేదు' అనే జవాబు రాదు, 'అందుబాటులో లేదు' అని వస్తుంది, వెతుకులాట డీఎన్‌ఎస్ దాకా పోతుంది. మాకు గంటలకొద్దీ టెన్షన్ పెట్టింది ఈ తేడానే.

అసలు మందు పేరు మార్చడమే. .లోకల్‌ను 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ కోసం కేటాయించింది. సొంత నెట్‌వర్క్‌ల కోసం 2024లో ఇంటర్నెట్ పేర్లను చూసుకునే సంస్థ ఐకాన్ .ఇంటర్నల్‌ను ప్రత్యేకంగా కేటాయించింది, మేము దానికే మారాం. ఇప్పటికిప్పుడు మార్చలేమంటే ఆ లైన్‌లో డీఎన్‌ఎస్‌ను ఎండీఎన్‌ఎస్ కంటే ముందుకు జరపండి. ఎండీఎన్‌ఎస్‌ను మొత్తానికే తీసేస్తే .లోకల్ పేరుతో దొరికే ప్రింటర్లు మాయమవుతాయి, ఆ తర్వాత ఆఫీసు వాళ్ల ఫోన్లు మీకే.

లినక్స్ ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.33 నుంచి ఈ ఫైల్ మారితే నడుస్తున్న ప్రోగ్రాములు కూడా మళ్లీ చదువుకుంటాయి. అంతకంటే పాత సిస్టమ్ అయితే సర్వీసులను రీస్టార్ట్ చేయాలి. దొరికిన జవాబులను దాచిపెట్టుకునే ఎన్‌ఎస్‌సీడీ సర్వీస్ ఉంటే దాని హోస్ట్స్ క్యాష్ కూడా ఖాళీ చేయండి.

ఇంకొకటి, అదే ఫైల్‌లో పాస్‌వర్డ్, గ్రూప్ లైన్లు కూడా ఉంటాయి. ల్యాబ్ లాగిన్లు ఎల్‌డాప్ (అందరి ఖాతాలు ఒకేచోట ఉంచే డైరెక్టరీ) మీద నడుస్తుంటే వాటి జోలికి పోవద్దు. మార్పు చేసి పరీక్షించేదాకా ఒక రూట్ (అడ్మిన్) టెర్మినల్ తెరిచే ఉంచండి.