దేశం సంగతి తరువాత, ముందు మీ ఫార్మసీ పట్టా సంగతి

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 31 ఏళ్ళు. బి.ఫార్మసీ చదివి, పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేశాను. మావారు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద నాలుగున్నరేళ్ళు గడిచాయి. నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4 వీసా, పని చేయడానికి వీల్లేదు. పాప అక్కడే పుట్టింది, మూడేళ్ళు. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉన్న మా అన్నయ్య కెనడా వచ్చేయమంటున్నాడు. జీతం తగ్గుతుందని మావారి బెంగ. విజయవాడ పటమటలో ఉండే మామగారేమో, ‘అమెరికా వదిలి కెనడా వెళ్ళారంటే నలుగురిలో పరువేం కావాలి’ అంటున్నారు. వేసవికని పాపతో పుట్టింటికి వచ్చాను. ఈ రెండు దేశాల్లో ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నయ్య మాట ఉంది, మామగారి మాట ఉంది, మీవారి బెంగ ఉంది. మీకేం కావాలో మాత్రం ఎక్కడా రాయలేదు. ‘పని చేయడానికి వీల్లేదు’ అని నాలుగు ముక్కల్లో తేల్చేసిన చోటే మీ బాధ ఉందనిపించింది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

2003 తరువాత చదువు ముగించిన విదేశీ ఫార్మసీ పట్టభద్రులు అమెరికాలో లైసెన్సు దారిలో అడుగుపెట్టాలంటే కనీసం అయిదేళ్ళ కోర్సు చదివి ఉండాలి. మన బి.ఫార్మసీ నాలుగేళ్ళది. అంటే రేపు మీకు పని అనుమతి వచ్చినా, అక్కడ ఫార్మసిస్టు కావడానికి మళ్ళీ కళాశాలకు వెళ్ళవలసిందే. కెనడాలో నాలుగేళ్ళ పట్టాతోనే అక్కడి జాతీయ ఫార్మసీ పరీక్షల మండలికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందు పత్రాల పరిశీలన, తరువాత పరీక్షలు, పర్యవేక్షణలో కొంతకాలం పని, చివరికి ఆ ప్రావిన్సు ఇచ్చే లైసెన్సు. డబ్బు ఖర్చవుతుంది, ఏళ్ళు పడుతుంది, చంటిపిల్లతో రాత్రుళ్ళు చదువుకోవాలి. అన్నయ్య ఇదంతా చెప్పి ఉండకపోవచ్చు. కానీ అది మీ చదువుకు తెరిచి ఉన్న తలుపు. కెనడా శాశ్వత నివాసం మీ ఇద్దరికీ కలిసే వస్తుంది కాబట్టి, ఆ లైసెన్సు వచ్చేలోగా మందుల దుకాణంలో సహాయకురాలిగానైనా మీ సంపాదన మీరు మొదలుపెట్టవచ్చు.

మీవారి బెంగను తేలిగ్గా తీసుకోకండి. అదే పనికి కెనడాలో జీతం తక్కువే. టొరంటో చుట్టుపక్కల ఇళ్ళ అద్దెలు ఆ జీతానికి భారం. వైద్యుడు, ఆసుపత్రి ఖర్చు ప్రావిన్సు బీమా చూసుకున్నా, బయట కొనే మందులకు, పళ్ళ వైద్యానికి సాధారణంగా సొంత డబ్బో ఉద్యోగం ఇచ్చే బీమానో కావాలి. ఇంటి వైద్యుడు దొరకడానికే కొందరు నెలల తరబడి ఎదురుచూస్తారు. ఇటు అమెరికాలో మీవారి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఇచ్చే గడువు 60 రోజులు. ఆ ఉద్యోగంతోపాటు వచ్చే బీమాకూ ముప్పే.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం లేదు. మీవారి కంపెనీ గ్రీన్ కార్డు, అంటే అమెరికాలో శాశ్వత నివాసం, పని మొదలుపెట్టిందా? హెచ్-1బి గడువు మొత్తం ఆరేళ్ళు. ఆ తరువాత కూడా కొనసాగాలంటే గ్రీన్ కార్డు దరఖాస్తులో తొలి మెట్టును గడువుకు కనీసం ఏడాది ముందే ఎక్కి ఉండటం క్షేమం. లెక్క చూసుకుంటే మీకు ఆరు నెలలే ఉన్నాయి. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందితే వీసా మూడేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు, మీరూ పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రీన్ కార్డు మాత్రం దూరమే. ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000, అదీ కుటుంబ సభ్యులను కలుపుకొని. ఒక్కో దేశంలో పుట్టినవారికి అందులో 7 శాతం పరిమితి ఉంది. మనవాళ్ళ వరుస పదేళ్ళకు పైగా వెనకబడి ఉంది. కెనడా పౌరసత్వం తీసుకుని తిరిగి అమెరికా వెళ్తే ఆ వరుస తప్పుతుందని కొందరు నమ్ముతారు. తప్పదు, అక్కడ చూసేది పుట్టిన దేశాన్నే. పాప గురించి మాత్రం దిగులు వద్దు. పుట్టుకతోనే అమెరికా పౌరురాలు, మీరెక్కడున్నా తనకు ఆ దేశం దూరం కాదు.

ఇక మామగారు. పరువు అన్న మాట వెనక కొడుకు ఇంకా దూరమైపోతాడన్న భయం ఉందేమో, నెమ్మదిగా కనుక్కోండి. అమెరికాకు సందర్శకులుగా వచ్చే తల్లిదండ్రులకు మామూలుగా ఒక్కో విడతకు ఆరు నెలలే ఉండనిస్తారు. కెనడాలో శాశ్వత నివాసి అయిన కొడుకు ఆదాయ పరిమితికి సరితూగితే, తల్లిదండ్రులు సూపర్ వీసా మీద ఒక్కసారి వచ్చి అయిదేళ్ళ వరకూ ఉండవచ్చు. వైద్య బీమా తప్పనిసరి. అక్కడి చలికాలం ఆయనకు పడుతుందో లేదో వేరే సంగతి, కానీ మనవరాలితో అన్నేళ్ళు గడపవచ్చని ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. కంపెనీ గ్రీన్ కార్డు పని మొదలుపెట్టకపోతే కెనడా కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టండి. అక్కడ శాశ్వత నివాసానికి మార్కులు లెక్కగట్టి పిలుస్తారు. అందులో వయసుకు ఇచ్చే మార్కులు 29 దాటాక ఏటా తగ్గుతూ 45కు సున్నా అవుతాయి. పైగా 2024 చివర్లో కెనడా కొత్తవారిని తీసుకునే లక్ష్యాలు తగ్గించింది, కాబట్టి పిలుపు వస్తుందన్న హామీ లేదు. ఇంగ్లీషు పరీక్ష రాసినంత మాత్రాన, పట్టా మూల్యాంకనం చేయించినంత మాత్రాన డల్లాస్ ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ మార్కులు వస్తే వారి పేరుతోనే దరఖాస్తు పెట్టవచ్చు. అది మీరే కావచ్చు. కంపెనీ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే, పని అనుమతి వచ్చాక ఫార్మసీ కాకుండా మరేదైనా పనిలో మీరు సంతోషంగా ఉండగలరా అన్నది మిగులుతుంది. దానికి జవాబు మీ దగ్గరే ఉంది.

గుంటూరులో ఆదివారం రాత్రి ఎనిమిదైతే డల్లాస్‌లో అదే రోజు ఉదయం తొమ్మిదిన్నర. మీవారికి సెలవు, మీ పాప నిద్రపోయే వేళ. అన్నయ్యనూ మామగారినీ కలపకుండా మీ ఇద్దరే ఫోనులో మాట్లాడుకోండి. కంపెనీ సంగతి అడిగే ముందు, ఆసుపత్రిలో మీరు చేసిన ఆ మూడేళ్ళ పని మీకు ఎంత ఇష్టమో ఆయనకు చెప్పండి.