రబ్బీల ధర్మశాస్త్రం ప్రవాసంలోనే పుట్టిందా?

యూదు మత పండితులైన రబ్బీల ధర్మశాస్త్రం, యూదులను బందీలుగా తరలించిన బాబిలోన్ ప్రవాసంలోనే పుట్టిందా అని అడిగారు. ఆ ధర్మశాస్త్రానికి మూలగ్రంథమైన మిష్నా కూర్పు క్రీ.శ. 200 ప్రాంతంలో, బాబిలోన్‌లో కాదు, యూదుల స్వదేశంలోని గలిలయలో, రబ్బీ యెహూదా హనాసి చేతిమీదుగా జరిగింది. మిష్నా మీద చర్చల సంపుటమైన బాబిలోన్ తాల్ముద్ ఆ తర్వాతి శతాబ్దాలది. అయితే పెళ్లి పత్రాల సంగతి వేరు. అవి రబ్బీలకంటే చాలా పాతవి.

నాకీ ఆసక్తి అమెరికాలో ఒక సహోద్యోగి పెళ్లిలో మొదలైంది. ప్రార్థనలు హీబ్రూలో సాగాయి, వివాహ పత్రమైన కెతుబాను మాత్రం హీబ్రూకు దగ్గరి ప్రాచీన భాష అరమాయిక్‌లో చదివారు. మా తాతగారు దస్తావేజు లేఖరి. ఆయన రాసిన ‘ఆచంద్రతారార్కం’ మా ఇంట్లో ఎవరూ మాట్లాడిన భాష కాదు. ఇదీ అలాంటిదేనేమోనని చదవడం మొదలుపెట్టాను.

నైలు నదిలోని ఎలిఫెంటైన్ దీవిలో పర్షియన్ల కొలువులో యూదు సైనికులు కాపురముండేవారు. అక్కడ క్రీ.పూ. 449లో అననియా అనే ఆలయ సేవకుడు తమెత్ అనే ఈజిప్టు దాసిని పెళ్లాడిన ఒప్పందం ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. అదీ అరమాయిక్‌లోనే. సభలో నిలబడి ‘ద్వేషిస్తున్నాను’ అని విడిపోయే హక్కు అందులో భార్యకూ ఉంది. రబ్బీల ధర్మంలో విడాకులిచ్చేది భర్తే. కాబట్టి ఇది దానికి నేరుగా తాత అనలేం.

నాకు బాగా నచ్చింది, మిష్నాకు అనుబంధ సంకలనమైన తోసెఫ్తాలోని ఒక కథ. అలెగ్జాండ్రియాలో ఒకరితో ప్రధానం (నిశ్చితార్థం) జరిగిన అమ్మాయిని మరొకరు ఎత్తుకుపోయి పెళ్లాడేవారట. ప్రధానంతోనే ఆమె మొదటివాడి భార్య అయినట్లు లెక్క గనుక పిల్లలు అక్రమ సంతానమని పండితులు తేల్చబోయారు. బాబిలోన్ నుంచి వచ్చిన హిల్లెల్ అనే పండితుడు ఆ పిల్లలతో ‘మీ తల్లుల కెతుబాలు తెండి’ అన్నాడు. ‘నా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నా భార్యవవుతావు’ అని వాటిలో ఉంది. అడుగే పెట్టలేదు కాబట్టి పిల్లలకు మచ్చ లేదు! ధర్మశాస్త్రం చదవని మామూలు జనం రాసుకున్న వాక్యం మీద తీర్పు నిలిచింది.

ఇక బాబిలోన్ వాటా. విడాకుల పత్రాన్ని యూదులు ‘గెట్’ అంటారు. దాని మూలం బాబిలోన్ ప్రాచీన భాష అక్కాడియన్‌లోని ‘గిట్టు’, అంటే పత్రం. అక్కాడియన్‌కు అది అంతకంటే పాత భాష సుమేరియన్ నుంచి వచ్చింది. గిట్టనివాళ్లకు ఇంత చక్కగా నప్పినా మన ‘గిట్టు’తో దానికి చుట్టరికం లేదు. ఆ కొత్త దంపతులు భోజనానికి పిలిచినప్పుడు ఇదంతా చెప్పబోయాను. బల్ల కింద మా ఆవిడ నా కాలు తొక్కింది.