మాత్ర పెంచే ముందు

కావలి

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. “థైరాయిడ్ మాత్ర వేసుకుంటూనే ఉన్నా అత్తా, రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 3.1, నార్మలే అన్నారు. అయినా మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆఫీసులో బల్ల మీద తల వాల్చేయాలనిపిస్తోంది” అన్నావు. పక్కింటావిడ 100 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటోందని నువ్వూ 75 నుంచి పెంచేసుకుంటానన్నావు. ఆ ఒక్క పనీ చేయకు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీ కుక్కర్ కూస్తుంది, మీ ఆయన పిలుస్తాడు. అందుకే కాగితం పట్టాను.

నేను ఈ మాత్ర మొదలుపెట్టి 19 ఏళ్ళు. మొదటి రెండేళ్ళూ కాఫీతో మింగాను. పొద్దున్నే ఐదింటికి డికాషన్ దిగేది, ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో మాత్ర. బడికి బస్సు అందుకోవాలి కదా. మోతాదు రెండుసార్లు పెరిగింది, నీరసం మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి రక్తం తీసే అబ్బాయి మాటల్లో “దేంతో వేసుకుంటారమ్మా?” అని అడిగాడు. చెప్పాను. వాడు నవ్వాడు.

మింగిన మాత్రంతా రక్తంలోకి పోదు చిట్టీ. పేగులోంచి లోపలికి వెళ్ళాలి, ఆ దారికి కాఫీ అడ్డం. ఖాళీ కడుపున మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తాగకుండా ఉండాలి. కాఫీ కంటే పెద్ద అడ్డం ఐరన్, కాల్షియం మాత్రలు. మర్చిపోతానని పొద్దున్నే అన్నీ కలిపి వేసేసుకుంటానన్నావే, అక్కడే నాకు అనుమానం తగిలింది. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాల్షియం మధ్యాహ్నం భోజనానికి మార్చు. గ్యాస్‌కి మాత్రో సిరప్పో వాడుతుంటే అదీ డాక్టర్‌కి చెప్పు. పొద్దున కుదరకపోతే రాత్రి తిన్న మూడు గంటలకి, పడుకునే ముందు వేసుకునేవాళ్ళూ ఉన్నారు. డాక్టర్‌ని అడిగి ఏదో ఒక వేళ పట్టుకో, రోజుకో వేళ పెట్టకు.

సీసా ఎక్కడ పెడుతున్నావు? నేను పొయ్యి పక్క అలమరలో పెట్టేదాన్ని. రోహిణి కార్తెలో మన వంటిళ్ళ సంగతి తెలుసుగా. ఈ మందుకి వేడీ, తేమా పడవు. పడగ్గదిలో చల్లని చోట పెట్టుకో.

ఇవన్నీ సరిచేసుకున్నాక వారానికే టెస్టుకి పరిగెత్తకు. ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అంత నెమ్మది మనిషి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించు. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకో. ఇంకోటి, జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కొన్నావని మీ అమ్మ చెప్పింది. అవి టెస్టు అంకెల్ని తారుమారు చేయొచ్చు, రెండు రోజుల ముందే ఆపు. డాక్టర్‌కి చెప్పకుండా పెంచుకుంటే ఏమవుతుందంటావా? గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఏళ్ళు గడిస్తే ఎముకలు గుల్లబారడం. తమాషా ఏంటంటే, ఎక్కువైనా నీరసమే వస్తుంది.

ఇక అసలు సంగతి. మాత్ర చాలకపోతే టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది. మాత్రతో కాఫీ మానేశాక నాది చక్కగా దిగింది. నీరసం సగమే తగ్గింది. థైరాయిడ్ అని ఒకసారి పేరు పడ్డాక ఇంట్లో ఏది పోయినా వాడే దొంగ. కాళ్ళు లాగినా థైరాయిడే, కోపం వచ్చినా థైరాయిడే. మీ మామయ్య అయితే “నీది ఒళ్ళు బద్ధకం, దానికో ఇంగ్లీషు పేరు” అనేవాడు. ఆ ఏడు రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్ళి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె కూడా పట్టాను. రొట్టె మహిమ నేను కాదనను, కానీ అదే ప్రయాణంలో పొగతోటలో ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఆవిడ మెడ పట్టుకోకుండా కింది రెప్ప లాగి చూసింది. “నెలసరి ఎన్ని రోజులు?” అంది. తొమ్మిది రోజులు, ఒక్కోసారి పది. అది ఎవరికైనా చెప్పుకునే విషయమని నాకు అప్పటిదాకా తోచనే లేదు. హిమోగ్లోబిన్ 8.9. ఆడవాళ్ళకి 12 అయినా ఉండాలి. థైరాయిడ్ తక్కువైతే నెలసరి ఎక్కువవుతుందట, దాంతో ఐరన్ కరిగిపోతుంది. ఒకటి కుదుటపడినా రెండోది అలాగే కూర్చుంది. మధ్యాహ్నం ఐరన్ మాత్ర నిమ్మరసంతో ఆరు నెలలు వాడాక మెట్లెక్కితే ఆయాసం పోయింది. మరుసటి ఏడు వెళ్ళి రొట్టె వదిలొచ్చాను, మొక్కు మొక్కే.

కాబట్టి నువ్వు అడగాల్సింది “మోతాదు పెంచుతారా?” అని కాదు, “నాకు ఇంకేమైనా ఉందా?” అని. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడమను. ఒంట్లో ఐరన్ నిల్వ అందులో తెలుస్తుంది, పైకి హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వ ఖాళీగా ఉండొచ్చు. బీ12 విటమిన్ తప్పకుండా చూడమను. పుట్టింట్లో చేపల పులుసు గిన్నె ఊడ్చిన దానివి, అత్తారింటికి వెళ్ళాక గుడ్డు కూడా మానేశావు. బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే ఉంటుంది, నువ్వు పాలు కూడా అంతంతమాత్రమే. షుగర్, విటమిన్ డీ ఎలాగూ రాస్తారు. గురక పెడతావని మీ ఆయన ఆటపట్టిస్తాడుగా, నవ్వి ఊరుకోకుండా అదీ చెప్పు. గురకలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర నిద్ర కాదు. మనసు బాగోలేకపోతే ఆ సంగతీ దాచకు, నా దగ్గరైనా సరే.

రెండో బిడ్డ గురించి అనుకుంటున్నారని తెలిసింది. నెల తప్పితే మాత్రం ఎనిమిది వారాల లెక్క పెట్టుకోకు, ఆ వారమే డాక్టర్‌ని కలువు. కడుపుతో ఉన్నప్పుడు మామూలుగా మోతాదు పెంచాల్సి వస్తుంది, మొదటి మూడు నెలలూ బిడ్డకి కావాల్సిన థైరాక్సిన్, అంటే ఈ మాత్ర ఇచ్చే హార్మోనే, తల్లిదే.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా నీరసం వదలని వాళ్ళు కొద్దిమంది ఉన్నారు, నేను చూశాను. వాళ్ళని బద్ధకస్తులనడం పాపం. కానీ నువ్వు ఇంకా అంతదాకా రాలేదు, కాల్షియం దగ్గరే ఉన్నావు.

ఈ ఆదివారం పినాకిని రైల్లో వచ్చేయ్. పాత రిపోర్టులన్నీ తే, చిరిగినవి కూడా. మాత్ర ఇంట్లోనే మంచినీళ్ళతో వేసుకుని ఎక్కు, కావలిలో దిగేసరికి కాఫీకి వేళ అయిపోయుంటుంది. డికాషన్ వేసి ఉంచుతాను.

నీ అత్త